బీరువాలో నీళ్ళ చప్పుడు

ముప్ఫై రెండేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి చేతికి ఒక ఇల్లు అప్పగిస్తే అది ఏ రూపం ఎత్తుతుందో తెలియాలంటే, సరస్సు ఒడ్డున ఉన్న ఆ రెండు గదుల ఇంటిని మొదటి నెలలో చూసి ఉండాల్సింది.

ఇల్లు మేనమామది. పిల్లల్లేని ఆయన పోతూ పోతూ దాన్ని మేనకోడలికీ మేనల్లుడికీ కలిపి రాసిపోయాడు. మేనకోడలు, అంటే అక్క, ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయింది. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. తమ్ముడు కండక్టరు. ఎవరైనా పెళ్ళి మాటెత్తినప్పుడల్లా "డ్యూటీ ఉందండీ" అని తప్పించుకుంటూ తప్పించుకుంటూ రిటైరైపోయాడు. ఇద్దరూ రెండు వీధుల అవతల ఒకే ఇంట్లో ఉంటున్నారు కాబట్టి, మామయ్య ఇంటిని సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిద్దామనుకున్నారు. ఇంటిని సిద్ధం చేసే పని తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు.

ఆయన తెల్ల అట్టముక్కలు కొన్నాడు. ఎర్ర సిరా కొన్నాడు. గుమ్మం దగ్గర "చెప్పులు ఇక్కడ". చెప్పులు విడిచి తలెత్తితే "గుమ్మంలో నిలబడరాదు, లోపలికి జరగండి". వీధి కిటికీకి "తల, చేతులు బయట పెట్టరాదు". సోఫా పైన గోడకి "ముగ్గురు మాత్రమే". స్నానాల గది తలుపుకి "వెలుపలికి వచ్చేముందు మీ వస్తువులు చూసుకోండి". అలా ఇరవై ఏడు.

మొదట వచ్చిన కుటుంబం నాలుగు రోజులకని వచ్చి రెండో రోజే వెళ్ళిపోయింది. వెళ్ళాక ఫోనులో అభిప్రాయం రాసింది. అక్క దాన్ని పైకి రెండుసార్లు చదివింది.

"ఇల్లు అద్దంలా ఉంది. కానీ ఉన్నన్నాళ్ళూ ఎక్కడ దింపేస్తారోనని భయపడుతూ కూర్చున్నాం."

తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు. "చెప్పకపోతే జనానికి తెలీదక్కా. నేను చూసినంత జనాన్ని నువ్వు చూశావా?"

"నువ్వు చూసినవాళ్ళు గంటలో దిగిపోయేవాళ్ళురా. నేను చూసినవాళ్ళు వారాల తరబడి పడుకున్నవాళ్ళు. రేపు పొద్దున నువ్వు సంచి సర్దుకుని మామయ్య ఇంటికి రా."

"దేనికి?"

"అతిథిగా. రెండ్రోజులుండు. ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో నీకు తెలీదు. తెలిసినా తెలీదు."

మర్నాడు పదింటికి ఆయన సంచి పట్టుకుని వెళ్ళి తలుపు నెట్టబోతే లోపల గడియ వేసి ఉంది. గంట నొక్కాడు. అక్క తలుపు తీసి ఎగాదిగా చూసింది.

"ఎవరండీ?"

"నేనేనక్కా."

"మాకు తమ్ముళ్ళెవరూ లేరండీ. ముందుగా చెప్పి పెట్టుకున్నారా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు. "చెప్పి పెట్టుకున్నానండీ," అన్నాడు గొంతు తగ్గించి. అక్క తాళంచెవి చేతిలో పెట్టి, "హాయిగా ఉండండి," అని వెళ్ళిపోయింది.

హాయి పావుగంటలోనే కరువైంది. చొక్కా విప్పి తగిలిద్దామంటే గోడకి ఒక్క కొక్కెం లేదు. ఇరవై ఏడు అట్టలకు మేకులున్నాయి గానీ చొక్కాకి లేదు. చివరికి "ముగ్గురు మాత్రమే" మీద తగిలించాడు. మంచం మీద వాలితే కళ్ళజోడు పెట్టుకోవడానికి చోటు లేక చెప్పులో పెట్టాడు. దాహమేసి లేచాడు. గది చీకటిగా ఉందని లేచాడు, లైటు స్విచ్చి తలుపు దగ్గరుంది. మళ్ళీ వాలాక ఆ లైటే కళ్ళలో పడుతోందని ఆర్పడానికి లేచాడు. టీ పెట్టుకుందామంటే గిన్నె ఉంది, పొయ్యి ఉంది, అగ్గిపెట్టె లేదు. అది అటక మీది డబ్బాలో ఉందని ఆయనకు తెలుసు, ఆయనే దాచాడు. కానీ తెలిసినా తెలీదు కదా. మాటంటే మాటే అనుకుని టీ లేకుండా కూర్చున్నాడు. సాయంత్రం వానొచ్చింది. గొడుగు లేదు. గోడల మీద అట్టలన్నీ ఆయన వంకే చూస్తున్నాయి. మొదటిసారి వాటిని చదివాడు. రాయడం వేరు, చదవడం వేరు.

రెండో రోజు మధ్యాహ్నం అక్క వచ్చేసరికి ఆయన ఒక అట్ట పీకి, దాని వెనక పదకొండు ఫిర్యాదులు రాసి పెట్టుకున్నాడు.

"ఈ ఇంట్లో మనిషన్నవాడు ఉండలేడండీ," అన్నాడు.

"అయ్యో, అలాగాండీ," అంది అక్క, నవ్వు బిగబట్టుకుని.

ఆ వారం ఇద్దరూ ఇల్లు తిరగేశారు. ఆయన పళ్ళు పీకించుకుంటున్నవాడిలా ఒక్కో అట్టా పీకి, ఆ మేకులున్న చోటల్లా కొక్కేలు బిగించాడు. అక్క మంచానికిరువైపులా చిన్న బల్లలు వేయించింది. వాటి మీద నీళ్ళ కూజా, గ్లాసు, చేతికందేలా దీపం.

"వార్డులో కొత్తగా చేరినవాళ్ళకి నొప్పి కన్నా గ్లాసు అందకపోవడం ఎక్కువ బాధరా," అంది దుప్పటి అంచులు మడుస్తూ. "ఎవర్నో పిలవాలి. పిలవాలంటే మొహమాటం. అందుకని దాహంతో పడుకుంటారు."

వంటింట్లో టీపొడి, చక్కెర, అగ్గిపెట్టె కంటికెదురుగా చేరాయి. గుమ్మం పక్కన రెండు గొడుగులు. రెండు సైజుల్లో ఇంటి చెప్పులు. బల్ల మీద పెరట్లో పూసిన నాలుగు పువ్వులు. ఒక్కటంటే ఒక్క అట్ట పెట్టుకోనివ్వమని తమ్ముడు చెవినిల్లు కట్టుకుని పోరితే అక్క సరేనంది. ఆయన ఒక పూటంతా ఆలోచించి, "ఎక్కడైనా కూర్చోవచ్చు" అని రాసి సోఫా పైన తగిలించాడు.

ఆ తర్వాత ఫోను చేసినావిడ పళ్ళ డాక్టరు. అత్తాకోడళ్ళిద్దరం వస్తున్నాం, ఐదు రోజులుంటాం అంది. అంతకు మించి చెప్పలేదు.

వాళ్ళు టాక్సీ దిగిన ఉదయం కండక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు పెట్టెలు దించుతుంటే, డెబ్భై అయిదేళ్ళ అత్తగారు తెల్లకర్రతో నేల తట్టుకుంటూ మెట్లెక్కింది.

"రండమ్మా, రండి. గొడుగులు అదిగో, చెప్పులు ఇవిగో, ఆ గోడ మీద చూడండి..."

"నువ్వే చూసి చెప్పాలి నాయనా," అందావిడ. "నాకు చూపు పోయి ఎనిమిదేళ్ళయింది."

కండక్టరు చూపిస్తున్న చెయ్యి దించేశాడు. వారం రోజులు చెమటోడ్చి అమర్చినవన్నీ ఒక్కసారిగా ఎవరో పట్టుకుపోయినట్టనిపించింది. కూజా చేతికందేంత దూరంలోనే ఉంది, ఉందని తెలిస్తే కదా.

"మీరేం కంగారు పడకండి," అంది కోడలు. "అత్తయ్యకి నేను అన్నీ చూపిస్తాను."

"అదే వద్దంటున్నాను," అందావిడ. "నువ్వు చూపిస్తే అయిదు రోజులూ నీ చెయ్యి పట్టుకునే తిరుగుతాను. ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి చూసి చూసి వచ్చావు. నీకూ సెలవు కావాలి కదమ్మా."

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. ఏం చెబుతున్నాడో ఆయనకు తెలిసేలోపే, ముప్ఫై రెండేళ్ళు బస్సు కప్పు అదరగొట్టిన ఆ గొంతు బయటికొచ్చేసింది.

"గుమ్మం. ఇక్కణ్ణించి ఎడమకి నాలుగడుగులు, సోఫా. సోఫా దాటి కుడికి తిరిగితే ఆరడుగులు, పడకగది. గడప ఉంది, కాలెత్తి వెయ్యాలి."

పెద్దావిడ ఆగింది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా విచ్చుకుంది. "ఎక్స్‌ప్రెస్సా నాయనా, ఆర్డినరీయా?"

"ఆర్డినరీయేనమ్మా. అన్ని స్టాపుల్లోనూ ఆగుతుంది."

"అయితే పోనియ్."

ఇద్దరూ ఇల్లంతా తిరిగారు, ఆయన ముందు, ఆమె వెనక. మంచం స్టాపులో ఆగి కూజా ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుంది. కొక్కేల స్టాపులో పడకగది గోడకున్న మూడు కొక్కేలూ లెక్కపెట్టింది. వంటింట్లో ఉన్న అక్క ఆ స్టాపులో ఎక్కింది. వేడినీళ్ళ కుళాయికి మందపాటి దారం చుట్టి ముడేసి, చక్కెర డబ్బాకి రబ్బరు బ్యాండు తగిలించి, "ఇవి తగిలితే తెలిసిపోతుందండీ," అంది.

పెద్దావిడ ఒకప్పుడు టెలిఫోను ఆపరేటరట. "ఆరొందల నంబర్లు బుర్రలో పెట్టుకున్నదాన్ని. మీవి పద్నాలుగు స్టాపులేగా," అంది. ఒక్కసారి తప్పింది. రెండోసారి తప్పలేదు. మధ్యాహ్నానికల్లా తన టీ తనే పెట్టుకుని, కండక్టరుకీ ఒక కప్పు ఇచ్చింది.

మర్నాడు పొద్దున కోడలు పడవ ఎక్కి వస్తానని బయల్దేరింది. గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "వెళ్ళవమ్మా, నాకిక్కడ బోలెడు పనుంది." కోడలు నాలుగడుగులు నెమ్మదిగా వేసి, తర్వాత ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు గబగబా వెళ్ళిపోయింది.

అక్కా తమ్ముడూ పాలు ఇవ్వడానికి వచ్చేసరికి పెద్దావిడ పడకగదిలో బీరువా తలుపు తెరిచి, ఇస్త్రీ చీర చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"నాయనా, ఈ బీరువాలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది."

గోడలో పైపు పగిలిందనుకున్నాడు కండక్టరు. గబగబా వచ్చి బీరువాలో తల పెట్టి విన్నాడు. ఏమీ వినపడలేదు.

"నీ చెవులు ఇంజను పక్కన పాడైపోయాయి, నువ్వు తప్పుకో," అని అక్క తల పెట్టింది. "అవునురా. ఉంది. చల్లగా గాలి కూడా తగులుతోంది."

"వెనక చెక్క సందుల్లోంచి," అంది పెద్దావిడ, మళ్ళీ తనూ వంగి. కండక్టరు కూడా ఇంకోసారి తల దూర్చాడు. పడవ దిగి వచ్చిన కోడలికి గదిలో మొదట కనిపించినవి బీరువాలోంచి బయటికున్న మూడు వీపులు.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"వింటున్నాం. నువ్వూ రా."

అది మేనమామ కాలం నాటి మూడు తలుపుల బీరువా. ఇల్లు చేతికొచ్చిన రోజు నుంచీ అక్కడే ఉంది, ఎవరూ కదపలేదు. సామానంతా బయటికి తీసి, అక్కా కోడలూ ఒక పక్క, కండక్టరు ఒక పక్క పట్టారు. పెద్దావిడ మంచం మీద కూర్చుని, "నెట్టండి, ఇంకా, ఇంకా, ఆపండి," అని చెప్పింది. కాళ్ళ చప్పుడును బట్టి ఎవరు నెట్టడం లేదో కూడా చెప్పింది. నెట్టనిది కండక్టరే. ఊపిరి తీసుకుంటున్నానన్నాడు.

బీరువా జరిగాక వెనక గోడకి పాత కాగితాలు అతికించి ఉన్నాయి. వాటి కింద రెండు రెక్కల కిటికీ ఉంది. బయటి వైపు తీగ అల్లుకున్న చెక్క తలుపులు అక్కా తమ్ముడూ ఎన్నోసార్లు చూశారు గానీ, అది ఏ గదికి చెందిందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

"మామయ్య పేకముక్కలు," అంది అక్క ఉన్నట్టుండి. "గుర్తుందా, ఒక్కడే పేకాడుకునేవాడు. గాలికి ముక్కలు ఎగిరిపోతే గాలినే తిట్టేవాడు. దాని మీద కోపంతో మూసేసి ఉంటాడు."

గడియ తుప్పుపట్టింది. నూనె చుక్కలు వేసి, సుత్తితో నాలుగు తట్లు తట్టేసరికి ఊడింది. రెక్కలు నెడితే తీగలు తెగి, గదంతా ఒక్కసారిగా తెల్లబడింది. కిటికీ నిండా సరస్సే. నీళ్ళు గోడ కిందకే వచ్చి తడుతున్నాయి.



"ఏం కనపడుతోంది?" అంది పెద్దావిడ.

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆ గొంతు రాలేదు. "నీళ్ళమ్మా," అన్నాడు. "చాలా ఉన్నాయి."

"అది నాకూ తెలుస్తోంది. ఇంకా?"

"రెండు పడవలు. ఒకటి బోర్లా పడుకోబెట్టి ఉంది. ఒకాయన నీళ్ళలోకి సైకిలు దింపి కడుగుతున్నాడు. బెల్లు కూడా తోముతున్నాడు. ఒక తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది, సీటు దొరకనట్టు."

ఆవిడ నవ్వింది. కోడలు మెల్లగా వెళ్ళి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. ఆ రోజు నుంచి అత్తగారు కుర్చీ కిటికీ దగ్గరికి వేయించుకుంది. కోడలు రోజూ ఒక పూట పడవ మీద తిరిగింది, పడవలోంచి చెయ్యి ఊపింది. "ఊపుతోంది," అని కండక్టరో అక్కో చెబితే, పెద్దావిడ తిరిగి ఊపింది.

వెళ్ళే రోజు టాక్సీ కోసం ఎదురుచూస్తూ ఆవిడ అడిగింది. "నువ్వెప్పుడైనా సెలవుకెళ్ళావా నాయనా?"

ఆయన లెక్క తీయబోయాడు. కొండలకి, నీళ్ళకి, పెళ్ళిళ్ళకి, ఎక్కడెక్కడికో ఎన్ని వేలమందిని చేర్చాడో. వాళ్ళందర్నీ దింపేసి అదే బస్సులో తిరిగి వచ్చేవాడు.

"లేదమ్మా," అన్నాడు.

"మీ అక్కయ్య?"

అక్క టాక్సీ వస్తోందా అని వీధిలోకి చూస్తోంది.

నెలాఖరులో ఒక వారం ఎవరూ రాలేదు. ఇద్దరూ ఇంటికి తాళం వేసి, ఎక్కడో కొండ మీద ఒక చిన్న ఇల్లు మూడు రోజులకు మాట్లాడుకుని వెళ్ళారు. ఆ ఇంటాయన తాళంచెవి ఇచ్చి, "ఏమైనా కావాలా అండీ?" అని అడిగాడు.

"ఏమీ వద్దండీ," అన్నారిద్దరూ ఒకేసారి.

ఆయన వెళ్ళాక మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా లోయ, లోయలో ఎండ. కాసేపటికి అక్క లేచి లోపలికి వెళ్ళబోయింది.

"ఎక్కడికి?"

"ఆ దిండు గలీబు వంకరగా ఉందిరా."

"ఉండనీ అక్కా."

ఆమె గుమ్మం దాకా వెళ్ళి, దిండు వంక ఒకసారి చూసి, తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చుంది.