భుజాల దగ్గర వదులు

నూనె బావికి గొట్టాల ఆర్డరు వెళ్ళేది ఆ మధ్యాహ్నమే. మేనేజరు అప్పటికే ఐదున్నర అంగుళాల సన్న గొట్టం మీద టిక్కు పెట్టేశారు. ఇనుము తక్కువ, సిమెంటు తక్కువ, తవ్వకం నాలుగు రోజులు తక్కువ.

ఇంజనీరు గారికి అది నచ్చలేదు; ఆయన అడిగింది ఏడంగుళాల గొట్టం. మూడు నెలల్లో రిటైరవుతారు. ఆయన చేతి మీదుగా తవ్వే చివరి బావి ఇదే. వయసులో ఉన్న బావి తనంతట తానే పొంగుతుంది. నాలుగేళ్ళకు దాని ఊపిరి తగ్గాక లావుపాటి పంపు దించాలి. సన్న గొట్టంలో అది పట్టకపోతే నూనె కిందే ఉండిపోతుంది.

"చెప్తే వినే మనిషేనా బావా ఆయన? చూపించాలి," అన్నాడు బావమరిది. బావి తవ్వే రిగ్గు మీద సూపర్‌వైజరు. పోయిన అక్క నోరంతా తమ్ముడికే వచ్చింది.

పదకొండింటికి మీటింగు బల్ల మీద మీటరు పొడవు సన్న గొట్టం ముక్క, పాత పంపు ముక్క ధనామని దిగాయి. మంచినీళ్ళ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

మేనేజరు చొక్కా చేతులు మడిచి పంపును గొట్టంలోకి తోశారు. సర్రున దూరింది.

"చూశారా! ఉత్తినే భయపెడతారు మీరు."

ఇంజనీరు ముఖం వాడిపోయింది. బావమరిది తాపీగా తల గోక్కున్నాడు.

"సార్, పంపుకి కరెంటివ్వరా? కేబులు పక్కనే కట్టి దించాలి కదా."

"కట్టండి, చూద్దాం!"

కట్టారు. సగం దూరి ఆగింది. మేనేజరు పట్టిన పట్టు వదిలే రకం కాదు. లేచి, ఒంటి బరువంతా వేసి తోశారు. ఇంకో జానెడు వెళ్ళింది. ఇక ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

ఇంజనీరు గొట్టం పట్టుకున్నారు, మేనేజరు కేబులు పట్టుకున్నారు. "లాగు, లాగు!" అని బావమరిది కేకలు. ఉన్నట్టుండి చేతులు జారి, మేనేజరు చక్రాలున్న కుర్చీలో కూలబడి, గోడ దాకా వెనక్కి దొర్లుకుంటూ పోయారు.

 ముందు నవ్వింది మేనేజరే. అది ఆయన దయ.

"బల్ల మీదే ఇంత చేసింది. రెండు కిలోమీటర్ల కింద ఇరుక్కుంటే?" అన్నారాయన.

"మళ్ళీ రిగ్గు తేవాలి సార్. మీరు మిగిల్చిన నాలుగు రోజులూ నలభై అవుతాయి," అన్నారు ఇంజనీరు.

"బావి మొత్తం ఏడంగుళాల గొట్టమంటే పైవాళ్ళు నన్ను నమిలేస్తారయ్యా!"

ఇంజనీరుకు ఎందుకో పోయిన భార్య ఒకప్పుడు దర్జీతో పెట్టుకున్న పోట్లాట గుర్తొచ్చింది: "ఎదిగే పిల్లాడు. భుజాల దగ్గర వదులుంచు, కింద ఎలా ఉన్నా పర్లేదు."

"మొత్తం వద్దు సార్. పంపు కూర్చునే లోతు దాకా ఏడు. దాని కిందంతా సన్న గొట్టమే. మీ పొదుపులో సగమైనా దక్కుతుంది."

మేనేజరు కాసేపు లెక్క వేసుకున్నారు. పాత టిక్కు కొట్టేసి, కొత్త కాగితం మీద సంతకం చేశారు.

ఇరుక్కున్న పంపుతో సహా గొట్టాన్ని చెరో కొసా పట్టుకుని బావా బావమరుదులు మెట్లు దిగారు.

"ఆ సలహా మా అక్కది కదూ?"

"నీకెలా తెలుసు?"

"ఆ వదులు చొక్కాలు తొడుక్కు తిరిగింది నేనే బావా! ఎనిమిదో తరగతిలో కుట్టించింది కాలేజీ దాకా వచ్చింది."

కింది అంతస్తు చేరేలోపు, నవ్వాపుకోలేక ఆ గొట్టాన్ని రెండుసార్లు మెట్ల మీద దించాల్సి వచ్చింది.