పచ్చ పట్టీ

మహబూబ్‌నగర్‌లోని ఒక సర్కారు ఆఫీసుకు 1997లో కంప్యూటర్ వచ్చింది. నివాస ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ల పేర్లు వెతికే ప్రోగ్రాం రాసింది అజీజా బేగం. హైదరాబాద్‌లో ఏడాది కోర్సు చేసి, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. ఒక పేరు దొరకడానికి నాలుగు నిమిషాలు పట్టేది. అందుకని తెర అడుగున చిన్న వరుస పెట్టింది: ఎన్ని పేర్లు చూసిందో, ఇంకా ఎన్ని మిగిలాయో.

సూపరింటెండెంట్ యాకూబ్‌కు అది నచ్చలేదు.

"గీ చీమల అక్షరాలు ఎవలికి కనబడ్తయమ్మా? నడుమ పెద్ద పచ్చ పట్టీ పెట్టు. జల్ది నిండాలె. పై ఆఫీసరు వస్తుండు."

"పని ఎంతయితే పట్టీ అంతే నడవాలె గద సార్."

"పని మనం చేస్తం. పట్టీని ఉరకనియ్యి."

అజీజా మనసొప్పకపోయినా పెట్టింది. తెరను జనంవైపు తిప్పారు. నిమిషంలో పట్టీ నిండి, నూరు శాతం చూపించింది. అచ్చంపేట నుంచి వచ్చిన ఎల్లస్వామి లేచి కిటికీ దగ్గరికొచ్చాడు.

"నిండింది గదా, కాయితమేది?"

కాగితం లేదు. గొడవైంది. యాకూబ్ ఆలోచించి, ఇకమీద పట్టీ తొంభై తొమ్మిది దగ్గర ఆగాలన్నాడు. అప్పట్నుంచి జనం తొంభై తొమ్మిదిని చూస్తూ బుద్ధిగా కూర్చున్నారు. పై ఆఫీసరు వచ్చి, ఇంత నిశ్శబ్దమైన ఆఫీసు జిల్లాలో లేదని మెచ్చుకొని పోయాడు.

ఆ వారమే కంప్యూటర్‌లో పేర్లన్నీ ఉన్న డిస్కు చెడిపోయింది. పేర్లేవీ తెరుచుకోవడం లేదు. పట్టీ మాత్రం తొంభై తొమ్మిది దాకా నిండుతూనే ఉంది. రిపేరుకు మనిషి వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని యాకూబ్ హుకుం. రెండు రోజులు ఎవరూ ఏమీ అడగలేదు.

మూడో రోజు హనుమమ్మ అనే ముసలమ్మ కర్ర పట్టుకొని అజీజా బల్ల దగ్గరికి వచ్చింది. మూడు రోజులుగా అడవి అంచు పల్లె నుంచి బస్సులో వచ్చి పోతోంది.

"బిడ్డా, గది నిజంగ నా పేరే ఎతుకుతాందా?"

అజీజా అబద్ధం ఆడబోయి ఆడలేకపోయింది.

"లేదవ్వా. అది ఉత్తగనే నడుస్తాంది."

కంప్యూటర్ ఆపేసి, బీరువాలోని పాత రిజిస్టరు దించింది. పది నిమిషాల్లో పేరు దొరికింది. చేత్తో ధ్రువపత్రం రాసి, యాకూబ్ ముందు పెట్టింది. బయట అంతా లేచి నిలబడి చూస్తున్నారు. ఆయన వాళ్లవైపు ఒకసారి చూసి సంతకం చేశాడు. సాయంత్రానికి ముప్ఫై మందికి కాగితాలు అందాయి.

డిస్కు బాగయ్యాక అజీజా ఎవరినీ అడగకుండానే పట్టీని సరిచేసింది. పేర్లు ఎంతవరకు వెతికితే పట్టీ అంతవరకే నిండేది. నిండేసరికి కాగితం సిద్ధంగా ఉండేది.

చెల్లెలి ధ్రువపత్రం కోసం మళ్లీ వచ్చిన ఎల్లస్వామి నాలుగు నిమిషాలు చూసి విసుక్కున్నాడు.

"ఏం మిషినమ్మా గిది! పాత పట్టీయే మంచిగుండె. ఎంత జల్ది ఉరుకుతుండె!"

పక్కనున్నవాళ్లు ఔనంటే ఔనన్నారు. అజీజా కాగితం అతని చేతికిచ్చింది.