పైకి చదవగూడదు

పల్లెలో చదువుకునే వాతావరణం లేదని కెరోలిన్ తేల్చేసింది. ఆమె గిద్యోనుకు వదిన, చనిపోయిన అతని భార్య కరుణమ్మకు అక్క. బళ్లారి సత్యనారాయణపేటలో మేడ ఉంది కాబట్టి ఆమె తేల్చిందంటే తేలినట్టే. పదో తరగతి ఎస్సెస్సెల్సీ పరీక్షల ముందు సెలవులకు గిద్యోను కూతురు గ్లోరియాను తన ఇంట్లో పెట్టుకుంటానంది. తల్లి లేని పిల్ల, ఒంటిగది ఇల్లు, పక్కింటి హొన్నమ్మ ఎనుముల అరుపులు. గిద్యోను తమ ఊరు దేశనూరులో కూతుర్ని బస్సెక్కించాడు.

ఆ ఒంటిగదిలో కరుణమ్మ పెట్టిన అలవాటొకటి ఉండేది. సాయంత్రం ప్రార్థనలో తెలుగు బైబిలు చదివినట్టే, బళ్లో కన్నడ పాఠాన్నీ పైకి చదవాలి. పొయ్యి దగ్గర నుంచి ఆమె వినేది. ఆమె పోయాక గిద్యోను విన్నాడు. గొంతు ఆగితే గోడ అవతల నుంచి హొన్నమ్మ కేకేసేది: "ఏందే, నిద్రపోతాండావా?"

వారం తిరక్కుండానే ఫోను వచ్చింది. "ఏమీ తలకెక్కల్యా నాయనా. ఫెయిలైపోతా." అదీ గుసగుసగా.

గిద్యోను వెళ్లాడు. కెరోలిన్ నోటిమీద వేలు పెట్టుకుని తలుపు తీసింది.

"స్వల్ప మెల్లగా అప్పా. టోనీ చదువుతాండాడు."

టోనీ ఆమె కొడుకు. వాడి గదికి ఏసీ, తలుపుకు గడియ. ఇంట్లో టీవీకి కూడా నోరు నొక్కేశారు. భోజనాల బల్ల దగ్గర గ్లోరియా పెదాలు బిగించి పుస్తకం ముందు కూర్చుని ఉంది.

"చదవ్వేందమ్మా?"

"పైకి చదవగూడదంట నాయనా. మనసులో చదవాలంట. మనసులో చదివితే ఎవరింటారు?"

"నేనింటా. చదువు."

గ్లోరియా అందుకుంది. నాలుగు వాక్యాలు కాకముందే గడియ తెరుచుకుంది. చెవుల్లో వైర్లతో, చేతిలో తుపాకులు పేలుతున్న ఫోనుతో టోనీ బయటికి వచ్చాడు. ఇంట్లో దొంగ దూరినట్టు చూశాడు.

"మమ్మీ! ఎవరో చదువుతాండారు!"

కెరోలిన్ ముఖం ఎర్రబడింది. "ఇదేనప్పా నేను చెప్పింది. పల్లె వాతావరణం తెచ్చి నా ఇంట్లో పెట్టినావు."

"తప్పయిపోయింది వదినా. తెచ్చినోణ్ణి నేనే తీసుకపోతా."

గ్లోరియా అప్పటికే సంచిలో బట్టలు కుక్కుతోంది.

సిరుగుప్ప బస్సులో వాతావరణం అసలే లేదు. కోళ్లబుట్ట, పసిదాని ఏడుపు, డ్రైవరు పెట్టిన పాటలు. గ్లోరియా గొంతెత్తి చరిత్ర పాఠం చదివింది. దాహమేసి ఆగింది.

వెనక సీట్లో ముసలామె ముందుకు వంగింది.

"ఆపితివేందమ్మా? ఆ రాజు గెలిచినాడా, లేదా?"