అమ్మకూడని ఉట్టి

సంగారెడ్డి బజార్లో కిషన్‌రావు పూజాసామాన్ల దుకాణంలో దొరకని వస్తువంటూ లేదు. అయితే ఆ వస్తువు ఒక్కటే మిగిలి ఉండకూడదు. ఒక్కటే మిగిలిందా, ఇక సాక్షాత్తూ ఇంద్రుడు దిగొచ్చి అడిగినా ఇవ్వడు. ఆఖరి పీసు కూడా అమ్మేస్తే ఆ చోట లక్ష్మి ఎక్కడ కూర్చుంటుందని ఆయన ప్రశ్న. చేటకైనా చెంబుకైనా అదే సూత్రం. కొడుకు శ్రీకర్ ఒకసారి దీనికి జవాబు చెప్పబోయి, ఆ పూట తండ్రి చేత తిట్లు తిని అన్నం మానేశాడు.

కోడలు పూజ బీకాం చదివింది. పెళ్లయిన ఏడాదికి మామగారి దుకాణాన్ని ఒక ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలోకి ఎక్కించింది. ఇంద్రేశం వైపు పొలాలన్నీ ప్లాట్లయి, ప్లాట్లన్నీ ఇళ్లవుతున్నాయి కదా అని ‘గృహప్రవేశం సెట్టు’ ఒకటి తయారు చేసింది. చెంబు, కుందులు, చేట, పసుపు, కుంకుమ, పాలు పొంగించే గిన్నె, గుమ్మడికాయను గుమ్మానికి వేలాడదీసే ఉట్టి. గుమ్మడికాయ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. సెట్టు బాగా పోయింది. అత్తగారింట్లో తన చేత్తో మొదలుపెట్టింది ఇదొక్కటేనని పూజకు దాని మీద కన్నబిడ్డ మీద ఉన్నంత ప్రేమ.

చిక్కంతా ఉట్టితోనే వచ్చింది. సెట్టులో ఏ వస్తువు తక్కువుంటే అన్ని సెట్లే ఉన్నాయని కంప్యూటర్ లెక్క. చెంబులు గుట్టగా పడి ఉన్నా ఉట్టి ఒక్కటుంటే సెట్టూ ఒక్కటే. ఆ ఉట్లేమో గుమ్మడిదలలో మొగులమ్మ తప్ప ఇంకెవరూ అల్లరు. ఆమెకు ఈమధ్య మందుల కంపెనీ క్యాంటీన్లో పని దొరికింది. సెలవు దొరికి, నడుము నొప్పి లేకపోతే అల్లుతుంది. అంటే ఆన్‌లైన్ కంపెనీవాళ్ల అంత పెద్ద కంప్యూటరూ చివరికి మొగులమ్మ నడుము మీద ఆధారపడి నడుస్తోంది.

ఉట్టి ఒక్కటి మిగలగానే కంప్యూటర్ ‘ఒక్కటే ఉంది, త్వరపడండి’ అని చాటింపు వేసేది. జనం త్వరపడేవారు. కిషన్‌రావు ఉట్టికి అడ్డంగా నిలబడేవాడు. అలా రెండు ఆర్డర్లు రద్దు చేయాల్సి వచ్చింది. అమ్మేవాళ్ల తరఫున ఇంకొక్కసారి రద్దయితే దుకాణం మూసేస్తామని, మళ్లీ తెరవనివ్వమని కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది. అది చదివి పూజకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మామయ్యా, ఒకటున్నప్పుడు సున్న అని రాస్త. అప్పుడు ఎవ్వరూ అడగరు," అంది.

"నా దుకాణంల సున్న రాస్తవా?" అన్నాడు కిషన్‌రావు. "ఉన్నదాన్ని లేదంటే అది నిజంగనే లేకుంట పోతది బిడ్డా. గట్ల రాయొద్దు."

అమ్మడానికి లేదు, లేదనడానికీ లేదు. ఆ రోజే ఆ ఒక్క సెట్టుకు ఆర్డర్ వచ్చింది. పూజ గుండె చిక్కబట్టుకుని పేరు చూసింది. కిషన్‌రావు, పాత బజారు, సంగారెడ్డి. తల ఎత్తి చూస్తే ఎదురుగా గల్లాపెట్టె దగ్గర ఆయన ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"నేను కొన్న. ఇగ ఎవ్వడు గుంజుకపోతడు?" అన్నాడు తృప్తిగా.

కానీ కొన్నాక పంపాలి కదా. పార్సెల్ తీసుకెళ్లే అనిల్ వచ్చి, పంపేవాళ్ల అడ్రసూ అందుకునేవాళ్ల అడ్రసూ ఒకటే కావడం చూసి కాసేపు తల గోక్కున్నాడు. ఇక్కడికిక్కడే ఇచ్చెయ్యమని పూజ బతిమాలింది. ఏ పార్సెలైనా పటాన్‌చెరు గోదాముకు పోయి రావాల్సిందే, రూలు రూలేనన్నాడు. ఉట్టి పటాన్‌చెరు పోయింది. అది తిరిగొచ్చేదాకా కిషన్‌రావు ఖాళీ మేకు వంక చూస్తూ చాయ్ కూడా ముట్టలేదు. రాగానే అట్టపెట్టె విప్పి, ఉట్టిని మేకుకు తగిలించి, పూజ చేత కంప్యూటర్లో మళ్లీ ఒకటని రాయించి, మళ్లీ ఆర్డర్ పెట్టాడు.

అప్పటినుంచి ఉట్టి బస్సు పాసున్న ఉద్యోగిలా సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ తిరగడం మొదలుపెట్టింది. ప్రతి ట్రిప్పుకూ కంపెనీ తన కమీషన్ కోసుకునేది. మామగారు ప్రతిసారీ అయిదు చుక్కలిచ్చి, ‘సరుకు దుకాణంల ఉన్నట్టే ఉన్నది’ అని రాసేవాడు. ఇంత గిరాకీ చూసి కంపెనీ ముచ్చటపడి, ‘మీ జిల్లాలో అందరికీ నచ్చిన సెట్టు’ అని బొమ్మ పక్కన కిరీటం పెట్టింది. ఇక చూసేవాళ్లు ఇంకా పెరిగారు.

పెరగడంతో ఒకరోజు కొంప మునిగింది. ఉట్టి మేకెక్కిన క్షణంలోనే ఒకేసారి రెండు ఆర్డర్లు పడ్డాయి. ఒకటి మామగారిది. రెండోది ఇంద్రేశంలో చంద్రిక అనే ఆమెది, గృహప్రవేశం ఎల్లుండే. సాయంత్రం అనిల్ వచ్చేలోగా తేలాలి. అంటించాల్సిన అడ్రసు చీటీలు రెండు, అట్టపెట్టె ఒక్కటి.

"మనం రద్దు చేస్తె దుకాణం మూస్తరు. కొన్నోళ్లు వద్దనుకుంటె మన మీదికి రాదు. మీరు వద్దని నొక్కుండ్రి మామయ్యా," అని పూజ బతిమాలింది.

"నేనేంటికి వద్దంట? నాకు కావాలె. ఆమెకు నిజంగ కావాల్నో లేదో ఎవరికెరుక? ఊకెనే నొక్కిందేమో."

పూజకు ఒళ్లు మండింది. "అయితె పోయి చూద్దాం పాండ్రి," అంది.

శ్రీకర్‌ను దుకాణంలో కూర్చోబెట్టి, ఇద్దరూ బస్సెక్కి, పటాన్‌చెరులో ఆటో మారి, ఇంద్రేశం చేరారు. సిమెంటు వాసన ఇంకా పోని కాలనీ. ఆటో దిగిన కిషన్‌రావు మొదటి ఇంటి ముందే ఆగిపోయాడు. గుమ్మం మీద గుమ్మడికాయ, దాన్ని పట్టుకుని మొగులమ్మ అల్లిన ఉట్టి. కింద మూడు ముళ్లు, చివర ఎర్రదారం కుచ్చు. ఆ ఎర్రదారం ఉండ మొగులమ్మకు ఇచ్చింది ఆయనే.

"ఇది మనదే," అన్నాడు. పక్కింటికి నడిచాడు. "ఇది గూడ మనదే." ఎదురింటికి దాటాడు. ఒక గుమ్మం కింద మరీ ఎక్కువసేపు నిలబడేసరికి ఇంటాయన బయటికొచ్చి ఎవరు కావాలని అడిగాడు. "ఎవ్వరొద్దు, మా ఉట్టిని చూస్తున్న," అన్నాడు కిషన్‌రావు. ఇంటాయన లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు. వీధి చివరిదాకా అదే వరస. జీవితమంతా సరుకు గడప దాటించడమే గానీ, దాటింది ఎక్కడికి పోయిందో ఆయన ఎన్నడూ చూసినవాడు కాదు.

చంద్రిక ఇల్లు చివరిది. ఆమె గుమ్మానికి గుమ్మడికాయ అప్పటికే వేలాడుతోంది, పసుపురంగు ఫ్యాక్టరీ హెల్మెట్‌లో. తామెవరో పూజ చెప్పింది.

"మా ఆయన కంపెనీది," అంది ఆమె సిగ్గుపడుతూ. "మీ ఉట్టి వస్తదో రాదోనని ముందుగాల కట్టి చూసినం. పంతులు చూస్తె ఏమంటడో. వస్తదా సార్?"

కిషన్‌రావు హెల్మెట్‌నూ గుమ్మడికాయనూ చూశాడు, వెనక్కి తిరిగి వీధినంతా చూశాడు. అరుగు మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుని ఫోను తీశాడు. తన ఆర్డర్ తెరిచి ‘వద్దు’ అన్నచోట నొక్కాడు. పూజ పక్కకొచ్చి ఫోన్లోకి తొంగి చూసింది.

ఎందుకు వద్దని ఫోను అడిగింది. ఏదో ఒకటి నొక్కమంది పూజ. ఆయన వినకుండా ఒక్కొక్కటీ పైకి చదివాడు.

"ధర ఎక్కువ... కాదు. ఆలస్యమైతుంది... కాదు. పొరపాటున కొన్న... అది అబద్ధం." నాలుగోదాని దగ్గర ఆగాడు. ‘వేరేచోట దొరికింది.’

అది నొక్కి, ఫోను పూజ చేతికిచ్చాడు.

"శ్రీకర్‌కు ఫోన్ చేసి ఈమె చీటీ అంటించమను," అన్నాడు. "ఇగ సున్న రాసుకో బిడ్డా."