సీసం చేలో పరిగె

హుసేనమ్మ మేక గోడకు తల ఆనించి నెడుతూనే ఉంది. దానికి కళ్లు పోయాయి. మధ్యాహ్నానికి పడి చచ్చింది. ఆ వారంలో వాడలో చచ్చిన నాలుగో మేక అది.

"ఏదో రోగంలేమ్మా," అన్నాడు కాంట్రాక్టర్ తేజేశ్వర్, జీపు దిగకుండానే. పక్కనున్న మేస్త్రీ చిన్న ఈరన్న నేలచూపులు చూశాడు. అది రోగం కాదని అతనికి తెలుసు.

డోన్ అవతల పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ ఒకటి ఏళ్ల తరబడి చుట్టుపక్కల చేలను సీసంతో నింపింది. జనం రోడ్డెక్కితే అది మూతపడింది. నేలను బాగుచేసే పని తేజేశ్వర్ చేతికొచ్చింది. పొద్దుతిరుగుడు వేయించాడు. ఆ మొక్క నేలలోని సీసాన్ని లాగి ఆకుల్లో, కాడల్లో పెట్టుకుంటుందనీ, కోసిన ప్రతి కట్టెనూ లారీకెత్తి దూరంగా గుంతలో పూడ్చాలనీ విత్తిన రోజే ఇంజనీరు ఈరన్నకు చెప్పాడు.

కోత అయింది. లారీలు రాలేదు.

"పరిగెకు పిలువు. చేను దానంతటదే ఖాళీ అయితాది," అన్నాడు తేజేశ్వర్.

కోసిన చేలో మిగిలింది పేదలది. పరిగె ఏరుకునే ఆడవాళ్లను తరిమిన ఆసామి ఆ సీమలో తలెత్తుకు తిరగలేడు. ఆ ధర్మాన్నే ఆ దొంగనాయాలు చెత్తబండిగా వాడుకున్నాడు. "రాండమ్మా, పరిగె!" అని వాడంతా కేకేసి వచ్చింది మాత్రం ఈరన్నే. ఆకు మేకలకు, కట్టె పొయ్యికి అని ఆడవాళ్లు నవ్వుతూ మోపులెత్తుకుపోయారు. పని పోతుందని అతడు నోరు కుట్టుకున్నాడు. పెళ్లాన్ని మాత్రం పోనివ్వలేదు. మేకలు చచ్చినప్పటినుంచీ అతణ్ణి తొలిచేస్తున్నది ఆ సంగతే.

మర్నాడు బోరింగు దగ్గర జనం చేరారు. విద్యార్థి సంఘం పిల్ల రమ్యశ్రీ మండలాఫీసు నుంచి తెచ్చిన కబురు చెప్పింది. "కట్టెలు తాను పూడ్చినానని, మిగిలింది ఆడోళ్లు దొంగిలించినారని కాంట్రాక్టర్ రాసిచ్చినాడు."

"పరిగెను దొంగతనమంటాడా!" జనం భగ్గుమన్నారు.

ఈరన్న లేచాడు. "దొంగతనం కాదు. తేజేశ్వర్ పిలువమంటే నేనే పిలిచినా. ఆ ఆకు, కట్టె ఇసమని తెలిసే పిలిచినా."

"నీ పొయ్యిలో ఏం కట్టె పెడతాండావప్పా?" అడిగింది రామసుబ్బమ్మ అనే కూలామె.

"కంపకట్టె. నా పెండ్లాన్ని పరిగెకు పోనీలా."

చెంప పగిలింది. కొట్టింది హుసేనమ్మ. "నా మనవడు ఆ పొగలోనే కూచుంటాడు కదరా!" ఇంకొకటి కొట్టినా బాగుండుననిపించింది ఈరన్నకు. మగవాళ్లు మీదికి ఉరికారు. హుసేనమ్మే అడ్డం నిలిచింది.

"వీన్ని సంపితే గెలిచేది తేజేశ్వరే! వీని నోరు మనకు కావల."

ఆడవాళ్లు ముక్కులకు కొంగులు చుట్టుకుని, ఇంటింటా మిగిలిన కట్టెలు, పొయ్యిల బూడిద గోనెసంచుల్లో కట్టి, మండలాఫీసు ముందు వరసగా పెట్టారు.

"మా పిల్లోళ్ల రక్తం పరీక్ష చేయించండి! ఇకమీద కోతా, పూడ్చేదీ మా కండ్లముందర జరగల!"

పోలీసులొచ్చి, తనే పిలిచానని ఒప్పుకున్న ఈరన్నను ఒక్కణ్ణే జీపెక్కించారు. అతడు కాంట్రాక్టర్ పేరెత్తితే ఎస్సై రాసుకోలేదు. హుసేనమ్మ కిటికీ దగ్గరికొచ్చింది.

"అక్కా, తప్పయిపాయ..."

"నాతో చెప్పొద్దు. నీ తప్పు నా మనవని నెత్తుట్లో ఉండాది. దాన్ని మాపేకి నా చేత కాదు. జడ్జి ముందర చెప్పు, ఆ తేజేశ్వర్ పేరుతో సహా చెప్పు. వాని పేరు రాసేదాకా మేం ఈడనించి లేసేది లేదు."

ఆమె పోయి జీపు చక్రాల ముందు కూర్చుంది. రామసుబ్బమ్మ ఆమె పక్కన కూర్చుంది. తర్వాత వాడంతా కూర్చుంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.