గంటకి జానెడు

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఇంద్రజ రాజమండ్రి నుంచి స్కూటీ మీద దిగి, చర్చి వసారాలో దాచిన, మట్టి కింద ఏముందో చూపించే రాడార్ బండిని బయటికి లాగుతుంది. అది చూడ్డానికి గడ్డి కోసే మిషనులా ఉంటుంది. "ఎకరానికి ఎంతండీ?" అని ఊళ్ళోవాళ్ళు రోజూ ఆటపట్టిస్తారు. ఇంద్రజ నవ్వేసి, పది మీటర్ల టేపు పరిచి, బండి చక్రం కూడా పది మీటర్లే అంటోందో లేదో సరిచూసుకుంటుంది. మనుషుల్ని నమ్మినంత తేలిగ్గా మిషన్లని నమ్మదు. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళే అయింది మరి, ముందు ముందు మనుషుల్ని నమ్మడమూ తగ్గిస్తుంది.

ఏటిగట్టు వెడల్పు చేస్తున్నారు. గట్టు కింది సమాధుల దొడ్డి మొత్తం మట్టి కిందికి పోతుంది. ఇంద్రజ బండి ఎవర్ని చూపిస్తే వాళ్ళని తీసి, మూడు కిలోమీటర్ల అవతల కొత్త దొడ్డిలో పెడతారు. చూపించనివాళ్ళ మీద నుంచి రోలర్ వెళ్తుంది. శనివారం సాయంత్రానికల్లా లిస్టు ఇచ్చెయ్యాలి.

ఆ ఊళ్ళో పోయినవాళ్ళు ఒక్కచోట ఉండరు. ఏడాదికో అడుగు చొప్పున మట్టి కిందే గోదారి వైపు జరుగుతుంటారు. అందుకని సమాధుల పండక్కి అందరూ పూలూ కొవ్వొత్తులతో పాటు గునపం కూడా పట్టుకెళ్ళి, సిలువ పీకి అడుగు ముందుకి పాతి వస్తారు. మర్చిపోయారా, మీ దండ పక్కింటాయన మీద పడుతుంది, ఇక ఏడాదంతా రెండిళ్ళకీ మాటలుండవు. మొన్నటి వరదకి సిలువలన్నీ కొట్టుకుపోబట్టే ఈ రాడార్ అవసరం పడింది.

శుక్రవారానికి నలభై ముగ్గురిలో నలభై ఇద్దరు దొరికారు. మిగిలింది నాగరత్నం ఒక్కతే.

ఆమె భర్త ఆరోన్, కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకు కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం కూర్చునేదీ అక్కడే.

"పోయి పద్నాలుగేళ్ళండి. పద్నాలుగడుగులు," అన్నాడు.

"ఇరవై అడుగుల దాకా వెతికానండి తాతగారూ."

"బతికుండగా చర్చిక్కూడా నాకంటే ముందు నడిచేదండి. ఇంకాస్త దూరం చూడండమ్మా."

చూసింది. అక్కడి తడి బంకమట్టి రాడార్ తరంగాన్ని మోకాలిలోతులోనే మింగేస్తుంది. మిషనులో మట్టి తడిని బట్టి పెట్టే అంకెని తొమ్మిది నుంచి ఇరవై ఐదుకి మార్చింది. తిరిగొచ్చే చప్పుడు కోసం మిషను చెవొగ్గే సమయం పెంచింది. గెయిన్, అంటే అందిన చప్పుడు బలం, పెంచితే స్క్రీనంతా కోళ్ళు కెలికిన పెరడులా తయారైంది. సమాధి ఉంటే బోర్లించిన చేటలా ఒక వంపు రావాలి. వచ్చిన వంపుల్ని తవ్విస్తే ఒక సోడా సీసా, ఒక చెప్పు దొరికాయి.

శనివారం మూడింటికి ఇంద్రజ అరచేతులు బొబ్బలెక్కాయి. బండి తోసుకొచ్చి ఆరోన్ పక్కన ఆపి, "ఇంక నావల్ల కాదండి," అంది.



"కొత్త దొడ్డిలో ఇద్దరికి చోటు రాయించానండి. ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని పాస్టరుగారికి చెప్తారా?"

"మీక్కావాలి కదండీ?"

"ఒక్కణ్ణీ ఏం చేసుకుంటానండి."

ఇంద్రజ బండి వైపు తిరిగింది. చేతులకి ఏదో ఒక పని ఉండాలని సెట్టింగులు కెలికింది. చక్రం తిరిగినప్పుడే కాకుండా, ఆగి ఉన్నా గడియారం ప్రకారం రాసుకుంటూ పొమ్మంది. మారనిదాన్నల్లా తుడిచెయ్యమని ఫిల్టరు పెట్టింది. బండీ ఆగే ఉంది, నేలా ఆగే ఉంది. స్క్రీన్ తెల్లగా ఉండాలి.

తెల్లగానే ఉంది, ఒక్క గీత తప్ప. అది కింది నుంచి పైకి, ఏటవాలుగా, దగ్గరికొస్తోంది.

"తాతగారూ, ఒక్కసారి లేచి అల్లంత దూరం వెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. పావుగంటకి గీత దిగడం మొదలుపెట్టింది. తిరిగొచ్చి కూర్చుంటే మళ్ళీ ఎక్కింది.

"ఆవిడ గోదారి వైపు పోలేదండి. మీ వైపే వస్తున్నారు."

"ఆయ్. వచ్చినప్పుడల్లా పిలుస్తానండి," అన్నాడు ఆరోన్, అన్నం ఉడికిందన్నంత మామూలుగా. "వింటుందనుకోలేదు. ఎప్పుడు విందండీ నా మాట!"

లిస్టు కోసం ఐదింటికి వచ్చిన గట్టుపని ఇంజనీరుగారు గీత చూశారు. బండి తోయించీ చూశారు. చక్రం తిరిగితే ఏమీ లేదు.

"చక్రం తిరిగిన రీడింగే కావాలమ్మా. నిలబెట్టి తీసినదానికి ఫారంలో గడి లేదు. అయినా ఎక్కడని తవ్వమంటారు? ఆయన కుర్చీ జరిగితే ఆవిడా జరుగుతోందాయె," అని నలభై రెండు దగ్గర సంతకం పెట్టేశారు.

ఆరోన్ లేచి కుర్చీ చంకన పెట్టుకున్నాడు.

"ఎంత స్పీడుగా వస్తోందండి?"

ఇంద్రజ గీత కొలిచింది. "గంటకి జానెడు."

"కొత్త దొడ్డి మూడు కిలోమీటర్లండి."

ఆమె ఫోన్లో లెక్క కట్టింది. రోజుకి ఎనిమిది గంటలు నడిస్తే నాలుగున్నరేళ్ళు. పైకి చెప్పకుండా ఉండాల్సింది.

"డాక్టరుగారు ఆర్నెల్లన్నారండి," అని నవ్వాడు ఆరోన్.

నలభై ఇద్దర్నీ తరలించాక, పై సోమవారం రోలర్ నది వైపు నుంచి మొదలైంది. ఆరోన్ అప్పటికే గేటు దాటాడు. గంట కూర్చోవడం, లేవడం, కుర్చీ జానెడు జరపడం, కూర్చోవడం. ఆటోలు హారన్ కొట్టకుండా చుట్టు తిరిగి పోయేవి. ఎదురొచ్చినవాళ్ళు, "ఎందాకా వచ్చారండీ ఇద్దరూ?" అని అడిగేవారు.

రెండు నెలలకి వంద మీటర్లు వచ్చారు. ఇంద్రజ ప్రతి శనివారం బండి తెచ్చి కుర్చీ పక్కన ఆపి చూసి వెళ్ళేది. ఆ శనివారానికి ఆరోన్ మనిషి సగమయ్యాడు. మాట మాటకీ ఆయాసం. స్క్రీన్ మీద గీత దిగిపోతోంది. ఇంద్రజ బండిని కుర్చీకి నాలుగడుగులు ముందు ఆపింది. అక్కడ గీత ఎక్కుతోంది.

"తాతగారూ, ఆవిడ మిమ్మల్ని దాటి వెళ్ళిపోతున్నారండి."

"ముందు నడుస్తుందని చెప్పానుగా," అన్నాడు. కుర్చీ ఎత్తబోయాడు. లేవలేకపోయాడు.

"నాగరత్నం, కాస్త ఆగవే," అన్నాడు నేలకేసి.

ఎక్కుతున్న గీత పావుగంట తర్వాత తిన్నగా సాగింది. ఆ తర్వాత, ఆగినదాన్నల్లా తుడిచెయ్యమన్న ఆ ఫిల్టరు దాన్ని కూడా తుడిచేసింది.

"ఆగిందాండి?"

తెల్లటి స్క్రీన్ ఆయన వైపు తిప్పి, "ఆగారండి," అంది ఇంద్రజ.