దర్భబొమ్మ చెవి

మంచుతెర లింకను వీడని మార్గశిరప్రభాతమున భీమునిపట్టణపు సముద్రము కరఁగిన సీసమువలె మందముగాఁ గదలుచుండ, అరుణకిరణములు సోకని యిసుకతిన్నెపై దర్భలతో నల్లిన మనుష్యాకృతి యొకటి పరుండియుండెను. యుద్ధమున నోడతోఁగూడ మునిఁగి దేహమైన దొరకని పురుషోత్తమునకు బదులుగా దహింపవలసిన బొమ్మ యది. ఏమందునమ్మా, ఆఱడుగుల మనిషికి మూరెడు గడ్డి మిగిలినది.

పురుషోత్తముఁడు మా ప్రక్కయింటి బాపనమ్మ పెద్దకొడుకు. నౌకాదళముం జేరి ఫిరంగివిద్యయం దారితేఱి, అలలచాటున నూఁగులాడు లక్ష్యమును గంటితోఁ గొలిచి గుండు దింపఁగల ఘనుఁడని పేరొంది, జపానువారితోఁ బోరు వచ్చునప్పటికి నొకయోడలోని ఫిరంగుల కన్నిటికి నధికారియయ్యెను. సెలవులకు వచ్చినచో వీధివారందఱు బాపనమ్మ యింటి యరుగులపైఁ జేరెడివారు. "శత్రువులమాట దేవుఁ డెఱుఁగును, ఈతఁడు ముందు మనలను గాఫీలు కాయించి చంపును" అని మా యత్తగారు నవ్వెడిది.

ఆ యోడనుండి బ్రదికివచ్చిన యెఱ్ఱయ్య యను నావికుఁడు చెప్పినది యిది: "ఓడ యొరుగుచుండఁగా దుమికిపొండని కప్తాను కేకవేసినాఁడు. అందఱము దుమికినాము. బాబుగారు మాత్రము తల త్రిప్పలేదు. ఫిరంగి పేల్చుచునే యుండిరి."

ఊరు వీరుఁడని కొనియాడెను. భార్య శ్యామలాంబ మాత్రము కంటఁ దడిపెట్టక, "పిలిచినను రానివానికి నేను నీళ్లు విడువను. ఆయనకు నాకంటె ఆ యినుపగొట్టమే యెక్కువాయెను" అని భీష్మించెను. ఆమె విడువనిదే క్రియ ముగియదని పురోహితుఁడు సోమావధానులు పట్టుపట్టఁగా, బంధువు లామెను దీరమునకుఁ దోడ్కొనివచ్చిరి. నువ్వులు పిడికిట బిగించి మొగము త్రిప్పుకొని కూర్చుండెను.

అవధానులు బొమ్మ తలదాపునఁ గూర్చుండి గోత్రనామముల మెల్లగా నుచ్చరించి ప్రాణము నావాహన చేయుచుండఁగా, బాపనమ్మ పలికెను.

"గట్టిగాఁ బిలువుము నాయనా. ఎడమప్రక్కకు వచ్చి పిలువుము. వానికి కుడిచెవి లేదు."

"అమ్మా, ఇది దర్భబొమ్మ."

"వాఁడే యన్నావు గదా యిప్పుడు."

ఫిరంగుల మ్రోఁతకు నొకచెవి పూర్తిగాను రెండవది సగమును జెడినవని, అది తెలిసినచోఁ దన్ను ఫిరంగులయొద్దనుండి తొలఁగింతురని వెఱచి, భార్యకైనఁ జెప్పవలదని కొడుకు తనచేత నొట్టుపెట్టించుకొనెనని యా ముసలితల్లి యప్పుడు చెప్పెను.

శ్యామలాంబ మెల్లగాఁ దలయెత్తెను. "అత్తయ్యా, అట్లయినచో కప్తాను కేక..."

"వినఁబడియుండదు తల్లీ. వినఁబడినచో నీకొఱకు వచ్చెడివాఁడే."

ఆమె లేచి బొమ్మ యెడమప్రక్కకుఁ బోయి యిసుకలో మోఁకరిల్లెను. మగనిపేరు నెన్నఁడు నోట నుచ్చరింపని యా యిల్లాలు దర్భలయొద్దకు వంగి, "పురుషోత్తమా" యని తీరమెల్ల మాఱుమ్రోఁగఁ బిలిచెను. మరలఁ బిలిచెను. ప్రొద్దెక్కినను భోజనమునకు రాని మగని నింటిలోనికిఁ బిలుచు గొంతు అది. పిమ్మట నువ్వులనీళ్లు వ్రేళ్లసందులనుండి జాఱి యిసుకలో నింకిపోయెను.